పచ్చని అడవిలో పులికి తిండి ఎందుకు చాలదు? చాందా, గడ్చిరోలి అడవుల శక్తి లెక్క

ప్రాణహిత నది దాటి పులి వచ్చిందన్న వార్త మహారాష్ట్ర ఒడ్డున సిరొంచ, అహేరి వైపూ, అవతల తెలంగాణ ఒడ్డున ఆసిఫాబాద్, కాగజ్‌నగర్ వైపూ తరచుగా వినబడుతూనే ఉంటుంది. వార్త వెంట వచ్చే ప్రశ్న కూడా ఎప్పుడూ ఒక్కటే. రాజురా నుంచి సిరొంచ దాకా ఇంత అడవి ఉండగా ఆ జంతువు ఊళ్ల అంచులు పట్టి తిరగవలసిన అవసరం ఏమిటి? చాందా (చంద్రపూర్) జిల్లాలో అడిగితే పులులు మరీ ఎక్కువయ్యాయని చెబుతారు. గడ్చిరోలి లోపలి ఊళ్లలో అడిగితే, అడవి ఉంది గాని అందులో దుప్పులు లేవని చెబుతారు. రెండూ వేర్వేరు జవాబుల్లా కనిపించినా, రెంటి వెనుకా ఉన్న లెక్క ఒక్కటే. సూర్యుడి నుంచి గడ్డికి, గడ్డి నుంచి దుప్పికి, దుప్పి నుంచి పులికి ఎంత శక్తి చేరుతుంది, మధ్యలో ఎంత, ఎటు పోతుంది అన్నదే ఆ లెక్క. బడిలో ఆహారపు గొలుసు పాఠంగా దీన్ని అందరూ చదివినవారే గాని, ఒక్కో మెట్టు నుంచి పై మెట్టుకు పదో వంతు శక్తే చేరుతుందనే ఆ పాఠంలోని పది శాతం సూత్రాన్ని యథాతథంగా తెచ్చి ఇక్కడి అడవికి అన్వయిస్తే లెక్క బాగా తప్పుతుంది.

కరెంటు యూనిట్లలో ఎండ: ఒక చదరపు మీటరు అడవి ఆదాయం

ఒక చోట ఉండే చెట్లు, జంతువులు, పురుగులు, సూక్ష్మజీవులు, వాటికి ఆధారమైన నేల, నీరు, గాలి, ఎండ అన్నిటినీ కలిపి ఆవరణ వ్యవస్థ అంటారు. అందులో సొంతంగా ఆహారం తయారుచేసుకోగలిగినవి పచ్చని మొక్కలే కనుక వాటిని ఉత్పత్తిదారులంటారు. మొక్కలను తినేవి మొదటి వినియోగదారులు, వాటిని తినేవి రెండవ వినియోగదారులు. చచ్చినదాన్నీ రాలినదాన్నీ కుళ్లబెట్టే శిలీంధ్రాలు, సూక్ష్మజీవులు విచ్ఛిన్నకారులు. ఈ వరుసలోని ఒక్కో మెట్టును పోషక స్థాయి అంటారు.

విదర్భ ప్రాంతంలో ఒక చదరపు మీటరు నేల మీద సగటున రోజుకు సుమారు 5 యూనిట్ల ఎండ పడుతుంది. ఇక్కడ యూనిట్ అంటే కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. ఒక యూనిట్ 860 కిలోకేలరీలతో సమానం కాబట్టి ఏడాదికి ఆ చదరపు మీటరు మీద పడేది దాదాపు 15 లక్షల 70 వేల కిలోకేలరీలు. అందులో సగానికి పైగా వెలుగు కిరణజన్య సంయోగక్రియకు పనికిరాని రకం. మిగిలిన దానిలోనూ కొంత ఆకుల మీద నుంచి వెనక్కి పోతుంది, కొంత నేలను వేడెక్కించడంతో సరిపోతుంది. పైగా ఇది ఆకురాల్చే అడవి. ఎండ అత్యధికంగా ఉండే మార్చి నుంచి జూన్ మొదటి వారాల దాకా టేకు చెట్టు బోడిగా నిలబడి ఉంటుంది, పట్టుకునే ఆకే అప్పుడు ఉండదు. మొక్క తయారుచేసుకున్న ఆహారంలోనూ సుమారు సగం దాని శ్వాసక్రియకే ఖర్చవుతుంది. ఇవన్నీ పోగా, ఉదాహరణకు పడిన ఎండలో 0.4 శాతం మొక్కల ఒంటికి పట్టిందనుకుంటే, అది సుమారు 6,300 కిలోకేలరీలు. ఎండబెట్టి తూస్తే కిలోన్నర పదార్థం. చదరపు కిలోమీటరుకు 1,500 టన్నులన్నమాట. దీన్నే నికర ప్రాథమిక ఉత్పత్తి అంటారు. గొంగళిపురుగు మొదలు పులి దాకా అందరి బతుకూ ఈ 1,500 టన్నుల మీదే.

పదార్థం తిరిగి వస్తుంది, శక్తి తిరిగి రాదు

దుప్పి పేడలోని నత్రజని మట్టిలో కలిసి మళ్లీ గడ్డిలోకి వస్తుంది. పులి విడిచిన గాలిలోని కర్బనం మళ్లీ టేకు ఆకులోకి వెళ్లవచ్చు. పదార్థానికి ఇలా చక్రం ఉంది. శక్తికి లేదు. దుప్పి పరిగెత్తినా, నెమరు వేసినా, చలికాలపు రాత్రి ఒంటి వేడిని నిలుపుకున్నా, అందుకు ఖర్చయిన శక్తి చివరికి వేడిగా మారి గాలిలో కలుస్తుంది. ఆ వేడిని పట్టుకుని తిరిగి ఆహారంగా మార్చగల మొక్క ఏదీ లేదు. ఇది ఉష్ణగతిక శాస్త్ర నియమం, దీనికి మినహాయింపులు లేవు. అందుకే అడవికి ఎరువు బయటినుంచి వేయకపోయినా వందల ఏళ్లు నడుస్తుంది గాని, ఎండ మాత్రం ఏ రోజుకారోజు కొత్తగా పడవలసిందే.

పది శాతం సూత్రం ఎక్కడిది

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో సెడార్ బాగ్ అనే చిన్న సరస్సును పరిశీలించిన రేమండ్ లిండెమన్, జీవులను జాతుల వారీగా కాక శక్తి చేతులు మారే మెట్లుగా చూసి లెక్కకట్టాడు. మొదట పత్రిక తిరస్కరించిన ఆ వ్యాసం 1942లో అచ్చయ్యేనాటికి, ముప్పై ఏళ్లయినా నిండని ఆయన చనిపోయి కొన్ని నెలలైంది. ఒక స్థాయి నుంచి పై స్థాయికి పదో వంతు శక్తి మాత్రమే చేరుతుందని తర్వాత పాఠ్యపుస్తకాలు చెప్పిన మాటకు మూలం ఆ ఆలోచనలో ఉంది. అయితే లిండెమన్ లెక్కల్లో ఆ భిన్నం అన్ని మెట్ల దగ్గరా ఒకేలా లేదు.

అంకెల్లో చూడటానికి మంచి ఉదాహరణ ఫ్లోరిడాలోని సిల్వర్ స్ప్రింగ్స్ ఊట. హోవర్డ్ ఓడమ్ 1957లో ప్రచురించిన లెక్క ప్రకారం, అక్కడ చదరపు మీటరుకు ఏడాదికి నీటిమొక్కలు పట్టిన మొత్తం శక్తి 20,810 కిలోకేలరీలు. మొక్కలను తినేవాటికి చేరింది 3,368, వాటిని తినేవాటికి 383, అన్నిటికంటే పైనున్న పెద్ద చేపల వంటివాటికి 21. అంటే మొదటి మెట్టు దగ్గర 16 శాతం, రెండో మెట్టు దగ్గర 11, మూడో మెట్టు దగ్గర ఐదున్నర. ఒకే ఊటలో మూడు మెట్లకు మూడు అంకెలు వచ్చాయి. సముద్రాలు, సరస్సులకు సంబంధించిన ఎన్నో లెక్కలను పోగుచేసి చూసిన పాలీ, క్రిస్టెన్సెన్ అనే పరిశోధకులకు 1995లో సగటు 10 శాతానికి అతి దగ్గరగా వచ్చింది, నిజమే. కాని అది నీటిలోని జీవుల సగటు. నేల మీది వేడినెత్తురు జంతువులకు దాన్ని అంటగట్టడం, నా దృష్టిలో, ఈ పాఠం చెప్పడంలో జరిగే పెద్ద పొరపాటు.

దుప్పి తిన్న గడ్డి, పులి తిన్న దుప్పి: ఒక లెక్క

ఒక పులి ఏడాదికి దుప్పి అంత, అంతకు కాస్త పెద్ద జంతువులను సుమారు 50 వేటాడుతుంది. పులికి ఆహారమయ్యే వేటజంతువుల మందలో ఏటా పదో వంతు మించి పులి తీసుకుంటే మంద నిలవదు కాబట్టి, ఒక పులి బతకాలంటే సుమారు 500 జంతువుల మంద ఉండాలి. పులుల పరిశోధకుడు ఉల్లాస్ కారంత్, ఆయన సహపరిశోధకులు భారత అడవుల్లో చేసిన పని నుంచి వాడుకలోకి వచ్చిన అంచనా ఇది. లెక్క తేలికగా ఉండేందుకు ఆ 500 జంతువులూ 50 కిలోల చుక్కల దుప్పులే అనుకుందాం.

ఒక్కో దుప్పి రోజుకు, ఎండు బరువులో చెబితే, కిలోన్నర మేత తింటుందనుకుంటే 500 దుప్పులకు ఏడాదికి సుమారు 275 టన్నులు కావాలి. కిలోకు 4,000 కిలోకేలరీల చొప్పున అది 110 కోట్ల కిలోకేలరీలు. పులి చంపే 50 దుప్పుల బరువు 2,500 కిలోలు, కిలోకు 1,500 చొప్పున 37 లక్షల 50 వేల కిలోకేలరీలు. ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేది 0.34 శాతం. పదిలో ఒక వంతు కాదు, దాదాపు మూడు వందల్లో ఒక వంతు.

మిగిలినదంతా ఎటు పోయింది? ఎండుగడ్డి తిన్న దుప్పికి అందులో సుమారు సగం అరగకుండానే పేడగా బయటకు వస్తుంది. కమలాపూర్ ఏనుగుల శిబిరం చూసినవారికి ఈ సంగతి చెప్పనక్కర్లేదు, ఏనుగు తిన్నదానిలో అరిగేది సగం కంటే తక్కువే. అరిగిన సగంలోనూ నూటికి 97, 98 వంతులు ఒంటి వేడికి, నడకకు, నెమరుకు, భయపడి పరిగెత్తడానికి సరిపోతాయి. పాలిచ్చి పెంచే జంతువుల్లో కొత్త మాంసంగా, కొత్త పిల్లలుగా మారేది అరిగినదానిలో 1 నుంచి 3 శాతమే. రెండు శాతం అనుకుంటే 110 కోట్లలో కొత్త దుప్పి మాంసంగా మారింది కోటీ పది లక్షలు. పులికి దక్కిన 37 లక్షల 50 వేలు అందులో మూడో వంతు. మిగతా రెండు వంతులకు చిరుత, రేసుకుక్కలు, జబ్బులు, వేసవిలో నీటి కరవు అన్నీ పోటీదారులే.

ఈ లెక్కను మరో దారిలో సరిచూసుకోవచ్చు. మాంసాహార జంతువుల సాంద్రతపై కార్బోన్, గిటిల్‌మన్ 2002లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, 10,000 కిలోల వేటజంతువులు ఉన్నచోట సుమారు 90 కిలోల మాంసాహారి నిలవగలదు. 500 దుప్పుల బరువు 25,000 కిలోలు. ఆ లెక్కన అక్కడ నిలిచేది 225 కిలోల మాంసాహారి, అంటే ఒక పెద్ద మగ పులి. వేర్వేరు దారుల్లో వచ్చినా రెండు అంచనాలూ ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి.

ఇక నేల సంగతి. చదరపు కిలోమీటరుకు వచ్చే 1,500 టన్నుల్లో దుప్పుల నోటికి అందే గడ్డి, చిగుళ్లు 2 శాతమైతే అది 30 టన్నులు, మన మందకు 9 చదరపు కిలోమీటర్లు చాలు. గడ్డి మైదానాలు లేని దట్టమైన టేకు అడవిలో అది అర శాతమే అయితే ఏడున్నర టన్నులు, అప్పుడు 37 చదరపు కిలోమీటర్లు కావాలి. అడవి పచ్చదనం రెండు చోట్లా ఒకటే, మారింది ఆ పచ్చదనంలో దుప్పికి అందిన వంతు. వేటజంతువులు నిండుగా ఉన్న భారత అడవుల్లో ఆడపులి సుమారు 20 చదరపు కిలోమీటర్లతో సరిపెట్టుకుంటే, రష్యా తూర్పు కొసలోని మంచు అడవుల్లో అదే జాతి ఆడపులికి 400 దాకా కావలసి వస్తోంది.

మిగతా 98 శాతం: రాలిన ఆకు, చెద, నిప్పు, బొగ్గు

అడవిలో తయారైన పదార్థంలో ఎక్కువ భాగాన్ని బతికుండగా ఎవరూ తినరు. కలపగా నిలబడుతుంది, వేరుగా నేలలో ఉంటుంది, ఆకుగా రాలుతుంది. వానాకాలంలో టేకు ఆకును జల్లెడలా చేసే గొంగళిపురుగులు కొంత తినడం ఈ ప్రాంతం వారు చూసేదే. కొన్ని ఏళ్లలో అవి చెట్లకు చెట్లనే బోడిచేస్తాయి. వాటికి ఒంటి వేడి నిలుపుకునే ఖర్చు లేదు గనుక అరిగినదానిలో పెద్ద వంతు, ఒక్కోసారి 40 శాతం దాకా, ఒంటికే పడుతుంది. ఆ గొంగళిని తిన్న పిట్టకు దుప్పిని తిన్న పులి కంటే దగ్గరి దారిలో శక్తి అందుతోందన్నమాట.

రాలిన ఆకుల దారి వేరు. వాటిని శిలీంధ్రాలు, సూక్ష్మజీవులు, చెదపురుగులు అందుకుంటాయి. ఈ దారి నేలలోనే ముగిసిపోతుందనుకోవడానికి లేదు. చెదపుట్టను తవ్వే ఎలుగుబంటి, రాత్రిపూట చీమలను, చెదలను నాకే అలుగు ఆ శక్తిని మళ్లీ పైకి లాగుతాయి. అందువల్ల ఆహారపు గొలుసు అనే కంటే ఆహార జాలం అనడం సరిగ్గా ఉంటుంది. ఎలుగు ఇప్పపువ్వు తిన్నప్పుడు మొదటి వినియోగదారు, చెదలు తిన్నప్పుడు మరో స్థాయి. ఒక జంతువును ఒకే మెట్టు మీద కూర్చోబెట్టడం బొమ్మ గీసుకోవడానికే పనికొస్తుంది.

వేసవిలో అడవికి నిప్పు పడితే, చెదలూ శిలీంధ్రాలూ ఏళ్ల తరబడి తినవలసిన శక్తి ఒక్క పూటలో వేడిగా పోతుంది. ఇక్కడ రెండు అభిప్రాయాలున్నాయి. నేల కాలితే తునికాకు చిగురు బాగా వస్తుందని, కొత్త గడ్డి మొలిచి దుప్పులకు మేత దొరుకుతుందని చాలామంది నమ్ముతారు. కాలిన నేల మీద లేత గడ్డి త్వరగా వస్తుందన్నదీ, అక్కడికి దుప్పులు చేరతాయన్నదీ నిజం. ఏటా కాలితే విత్తనాలు, మొలకలు చచ్చి, నేల గట్టిపడి, తేమ తగ్గి, అసలు ఉత్పత్తే కొన్నేళ్లకు పడిపోతుందన్న అటవీ అధికారుల మాటా నిజమే. మొదటి వాదం ఈ ఏటి మేత గురించి, రెండోది రాబోయే ఏళ్ల ఆదాయం గురించి.

విచ్ఛిన్నకారుల చేతికి చిక్కకుండా తప్పించుకున్న శక్తి కూడా చాందా జిల్లాలోనే ఉంది. వార్ధా లోయ బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పైబడిన పెర్మియన్ యుగపు చిత్తడి అడవుల మిగులు. నీట మునిగి, గాలి తగలక, కుళ్లిపోకుండా మిగిలిన మొక్కల ముద్ద అది. బల్లార్షా, ఘుగ్గుస్ గనుల్లో పనికోసం వచ్చి మూడు, నాలుగు తరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు జీతం వచ్చింది ఆనాటి ఎండ నుంచే. చంద్రపూర్‌లోని 2,920 మెగావాట్ల కేంద్రంలో కాలుతున్నదీ అదే.

చెరువులో తలకిందులయ్యే పిరమిడ్

ఒక్కో స్థాయిలోని జీవుల సంఖ్యనో బరువునో అడ్డగీతలుగా గీస్తే సాధారణంగా అడుగున వెడల్పుగా, పైకి సన్నగా పిరమిడ్ ఆకారం వస్తుంది. ఈ ప్రాంతంలో మాజీ మాల్గుజారీ చెరువులనే పాత చెరువులు చాలా ఉన్నాయి. అలాంటి చెరువు నీటిలోని పచ్చని సూక్ష్మ నాచును ఏదో ఒక రోజు వడకట్టి తూస్తే, దాన్ని తినే జీవుల బరువు కంటే నాచు బరువు తక్కువగా ఉండవచ్చు. తక్కువ బరువున్న మేత ఎక్కువ బరువున్న మందను ఎలా పోషిస్తోంది? నాచు రోజు, రెండు రోజుల్లో రెట్టింపవుతూ, పుట్టినది పుట్టినట్టే తినబడుతోంది. తూకంలో కనిపించేది ఆ క్షణాన మిగిలినది మాత్రమే. బరువు పిరమిడ్ తలకిందులు కావచ్చు గాని, ఏడాది పొడవునా లెక్కకట్టిన శక్తి పిరమిడ్ తలకిందులు కావడానికి వీల్లేదు.

అడవిని పచ్చగా ఉంచుతున్నది ఎవరు?

మేత ఇంత ఉండగా మొక్కలు తినే జంతువులు దాన్నంతా ఎందుకు తినేయవు? హెయిర్‌స్టన్, స్మిత్, స్లోబోడ్కిన్ 1960లో ఇచ్చిన జవాబు ఏమిటంటే, వేటాడే జంతువులు వాటి సంఖ్యను అదుపులో ఉంచుతున్నాయి. అంటే పట్టు పైనుంచి కిందికి ఉంది. దీన్ని మర్డాక్ 1966లో విమర్శించాడు. పచ్చగా కనబడేదంతా మేత కాదు, ఆకుల్లో చేదూ వగరూ పీచూ నింపుకుని మొక్కలు తమను తామే కాపాడుకుంటున్నాయి. ఈ వాదం ప్రకారం పట్టు కిందినుంచి పైకి ఉంది.

ఇక్కడి అడవిని చూస్తే ముదురు టేకు ఆకు విషయంలో రెండో వాదానికే బలం కనిపిస్తుంది. ఎత్తున ఉన్న ఆ గరుకు ఆకు దుప్పికి అందదు, అందినా ఇష్టపడదు. చెరువుగట్ల మీది లేత గడ్డి విషయంలో మాత్రం మొదటి వాదాన్ని కొట్టిపారేయలేం. పులి, రేసుకుక్కలు లేనిచోట అలాంటి గడ్డిని దుప్పులు నేలమట్టం దాకా కొరికేయగలవు. ఈ రెండు బలాలూ కలిసే పనిచేస్తాయని, ఏది ఎక్కువన్నది చోటును బట్టి ఉంటుందని ఇప్పుడు చాలామంది ఆవరణ శాస్త్రవేత్తలు ఒప్పుకుంటున్నారు.

ఊరి మంద, ఇప్పపువ్వు, వెదురు: లెక్కలో మనిషి వాటా

ఈ ప్రాంతపు చిన్నపాటి ఆవు రోజుకు ఎండు బరువులో 5 కిలోల మేత తింటే, అది మూడు దుప్పుల మేత కంటే ఎక్కువ. 150 పశువుల మంద ఏడాదంతా అడవి మీదే మేస్తే, పైన లెక్కకట్టిన 500 దుప్పుల మేత అంతా అయిపోతుంది. పశువుల్లో చాలా భాగం వరిగడ్డి కూడా తింటాయి గనుక అసలు భారం అంతకంటే తక్కువే ఉంటుంది. మంద మేసిన చోట ఆ శక్తి పులికి అందకుండా పోయిందనడానికి కూడా లేదు. దుప్పి తగ్గినచోట పులి ఆవును పడుతుంది. గడ్డి నుంచి పులి దాకా దారి అలాగే ఉంటుంది, మధ్యలో నిలబడ్డ జంతువుకు మాత్రం ఒక యజమాని ఉంటాడు, నష్టపరిహారపు దరఖాస్తు ఉంటుంది.

వేసవి మొదట్లో తెల్లవారుజామున ఇప్పచెట్ల కింద మనిషి, ఎలుగు, దుప్పి ఒకే తిండి కోసం చేరతాయి. దుప్పి కోసం పులి చేరుతుంది. ఇప్పపువ్వు ఏరే రోజుల్లో, ఆ వెంటనే వచ్చే తునికాకు కోతల్లో దాడుల వార్తలు వినబడటానికి ఇది ఒక కారణం. వెదురు, తునికాకు, కట్టెలు అడవి దాటి బయటకు పోయే శక్తే. అయితే అడవి ఉత్పత్తిలో అది చెదపురుగుల వాటాతో పోల్చదగ్గంత పెద్దది కాదు. అదీగాక, గడ్చిరోలి జిల్లాలోని మేండా-లేఖా 2009లోనే సామూహిక అటవీ హక్కు పొంది వెదురును గ్రామసభ ద్వారా అమ్ముకుంటున్న ఊరు. అడవి నుంచి తీసుకోవడమూ అడవిని నిలుపుకోవడమూ ఒకదానికొకటి విరోధం కానక్కర్లేదని చెప్పేవారు చూపే ఉదాహరణల్లో అది ముందుంటుంది.

పులులు ఎక్కువయ్యాయా, దుప్పులు తగ్గాయా?

జాతీయ అంచనాల్లో మహారాష్ట్ర పులుల సంఖ్య 2018లో 312 ఉండగా 2022లో 444 అయింది. బఫర్‌తో, అంటే చుట్టూ ఉన్న వలయంతో కలిపి 1,727 చదరపు కిలోమీటర్లున్న తాడోబా-అంధారి పులుల అభయారణ్యం, దాని చుట్టూ ఉన్న బ్రహ్మపురి అడవులు ఆ పెరుగుదలకు కేంద్రం. గడ్డి మైదానాలు, నీటి గుంటలు, ఖాళీ చేసి వెళ్లిన పాత ఊళ్ల పొలాలు ఉన్న తాడోబాలో దుప్పికి అందే వంతు ఎక్కువ. అక్కడ పులులు నిండాయన్నది సబబే. గడ్చిరోలి దక్షిణాన దట్టమైన అడవి ఎక్కువ, మేత మైదానాలు తక్కువ, వేట అలవాటూ పాతది. అక్కడ పులికి తిండి లేదన్నదీ సబబే. చాందాలో చోటు దొరకని పిల్లపులి ఖాళీగా కనిపించే దక్షిణానికి నడుస్తుంది, అక్కడ తిండి చాలక నది దాటుతుంది.

దీనికి రెండు మార్గాలు ఆలోచిస్తున్నారు. ఒకటి పులులను తరలించడం. 2023లో బ్రహ్మపురి వైపు నుంచి ఆడపులులను నవేగావ్-నాగ్జిరా పులుల అభయారణ్యానికి తీసుకెళ్లారు. ఫలితం వెంటనే కనిపిస్తుంది, కాని దించిన చోట మంద లేకపోతే అదే సమస్య అక్కడ మొదలవుతుంది. రెండోది గడ్డి మైదానాలు పెంచి, వేటను ఆపి, దుప్పులను పెరగనివ్వడం. ఇందులో ఇబ్బంది కాలంతో. చుక్కల దుప్పి ఈతకు సాధారణంగా ఒక పిల్లనే ఈనుతుంది. చావులన్నీ పోగా మంద ఏటా 20 శాతం పెరిగిందనుకున్నా, 100 దుప్పులు 500 కావడానికి దాదాపు 9 ఏళ్లు పడుతుంది. తల్లిని విడిచి సొంత చోటు వెతుక్కుంటూ బయలుదేరేనాటికి పిల్లపులి వయసు రెండేళ్లు.